జింకకు వేసే మేత: దానమా, ఎరా?



ఈసారి పాఠం జింక గురించి. మన విహారాల మీద, పుస్తకాల అట్టల మీద ధమ్మచక్రానికి అటూ ఇటూ రెండు జింకలు కూర్చుని ఉండటం మీరు చూసే ఉంటారు. తథాగతుడు ఐదుగురు పరివ్రాజకులకు మొదటి ఉపదేశం చేసింది సారనాథ్ దగ్గర ఇసిపతనంలోని మిగదాయంలో. అంటే జింకలకు అభయమున్న వనంలో. అందుకే ఆ గుర్తు. పాళీలో ‘మిగ’ అంటే జింక, మొత్తంగా అడవి జంతువు అని కూడా. మన పల్లెల్లో పాత తరం వాళ్లు ‘మెకం’ అంటారే, అదీ ఇదీ ఒక్క మూలం నుంచి వచ్చిన మాటలే.

ఆ జింక ముందు దోసెడు గింజలు పోస్తే మంచి పనా, చెడ్డ పనా? ఇంత చిన్న ప్రశ్నకు పాఠం ఎందుకని తీసిపారేయకండి. ఈ ప్రశ్న మీద అమెరికాలో ఏళ్ల తరబడి తగువు నడుస్తోంది. శాసనసభల్లో బిల్లులు పెడుతున్నారు, గవర్నర్లు వాటిని తిప్పికొడుతున్నారు, పక్కపక్క భూముల వాళ్లు మాట్లాడుకోవడం మానేస్తున్నారు. వాళ్ల గొడవ మనకెందుకు అంటారా? మన ఇళ్లలోంచి చదువుకుని వెళ్లిన పిల్లలు చాలామంది ఇప్పుడు అక్కడే ఉన్నారు. పెరట్లోకి వచ్చిన జింకకు మొక్కజొన్నలు పోసి, వీడియో తీసి మనకు పంపుతున్నారు. మనమూ చూసి సంతోషపడుతున్నాం. పైగా ఈ ఎర సంగతి మీదే తథాగతుడు ఒక సుత్తమంతా చెప్పాడు. మజ్ఝిమ నికాయంలో 25వది, పేరే నివాప సుత్తం. ముందు అమెరికా సంగతి చూసి, తర్వాత సుత్తంలోకి వద్దాం.

మంచె కింద మొక్కజొన్న

అక్కడ జింకల వేట చట్టబద్ధం. లైసెన్సు తీసుకుని, ప్రభుత్వం చెప్పిన రోజుల్లో, చెప్పినన్ని కొట్టుకోవచ్చు. ఎక్కువగా కొట్టేది తెల్లతోక జింకను. 1900 ప్రాంతానికి ఆ జింకలు దేశం మొత్తం మీద కొన్ని లక్షలకు పడిపోయాయి. చట్టాలు వచ్చాయి, తోడేళ్లలాంటి వేటజంతువులను మనుషులు ముందే తుడిచిపెట్టేశారు, దాంతో జింకలు మళ్లీ పెరిగి ఇవాళ సుమారు 3 కోట్లు ఉన్నాయంటారు. పంటలు మేస్తాయి, రోడ్ల మీద కార్లకు అడ్డం పడతాయి, అడవిలో లేత మొక్కను లేవనివ్వవు. కాబట్టి వేట ఉండాలా వద్దా అన్నది అక్కడి పెద్ద తగువు కాదు. ఎర వేసి కొట్టొచ్చా అన్నదే తగువు.

ఎర ఎలా వేస్తారంటే, చెట్టు మీద మంచె కట్టుకుని, కింద బాణం దెబ్బకో తూటా దెబ్బకో అందేంత దూరంలో మొక్కజొన్నలు పోస్తారు. మిషిగన్ వైపు చక్కెర దుంపలు, క్యారెట్లు, ఆపిల్ పండ్లు కూడా కుప్ప పోస్తారు. టెక్సాస్‌లో ఇంకో పద్ధతి. మూడు కాళ్ల మీద పీపా నిలబెట్టి, దాని కింద బ్యాటరీతో తిరిగే చక్రం బిగిస్తారు. పెట్టిన టైముకు చక్రం తిరిగి గింజలు చిమ్ముతుంది. ఆ చప్పుడు వినగానే జింకలు వచ్చేస్తాయి. బడిలో మధ్యాహ్న భోజనం గంట కొట్టినట్టే అనుకోండి.

ఒక్కో రాష్ట్రానిది ఒక్కో దారి. టెక్సాస్‌లో సొంత భూముల్లో ఎర మామూలు విషయం. మిన్నెసోటా 1991లోనే ఎర వేసి జింకను వేటాడటాన్ని నిషేధించింది. విస్కాన్సిన్‌లో అనుమతి ఉన్న చోట రెండు గ్యాలన్లు, అంటే ఏడున్నర లీటర్లకు మించకూడదు. రోగం కనబడిన కౌంటీల్లో, వాటి చుట్టుపక్కల అసలే కూడదు. మిషిగన్‌లో కింది ద్వీపకల్పం మొత్తం మీద 2019 జనవరి ఆఖరు నుంచి నిషేధం. అదే ఏడాది ఆ నిషేధాన్ని ఎత్తేయాలని అక్కడి శాసనసభ బిల్లు పాస్ చేస్తే గవర్నర్ గ్రెచెన్ విట్మర్ వీటో చేసింది.

ఎర కావాలనే వాళ్ల మాటలు కొట్టిపారేసేవి కావు. ముసలివాళ్లు, కాళ్లు సరిగా లేనివాళ్లు అడవంతా తిరగలేరు, ఒకచోట కూర్చుని కొట్టుకోనివ్వండి అంటారు. ఇది న్యాయమైన మాటే. మిషిగన్ ప్రభుత్వం కూడా వికలాంగులకు ప్రత్యేకంగా పెట్టిన వేట రోజుల్లో సడలింపు ఇచ్చింది. నిలబడి మేస్తున్న జింకకు దెబ్బ సరిగ్గా తగులుతుంది, గాయంతో పారిపోయి మూడు రోజులు బాధపడి చావదు అని ఇంకో వాదన. ఇది వినడానికి కరుణలాగే ఉంటుంది, ఇందులో కొంత నిజం కూడా ఉంది. జింకల కోసమే చేను వేసి దాని గట్టున కూర్చుని కొడితే తప్పు లేదంటారు, బస్తా తెచ్చి పోస్తే తప్పంటారు, ఇదేం న్యాయం అని మూడో మాట. దీనికి ఎదుటివాళ్లు చెప్పే జవాబు ఏమిటంటే, చేను ఎకరాల మీద పరుచుకుని ఉంటుంది, జింకలు చెదిరి మేస్తాయి. కుప్ప దగ్గర మాత్రం పది మూతులు ఒకే చోట పెడతాయి.

మొత్తం గొడవకు కేంద్రం ఆ పది మూతులే.

ఎంగిలి మేత తెచ్చే రోగం

1994లో మిషిగన్ ఈశాన్య ప్రాంతంలో ఒక వేటగాడు కొట్టిన జింకలో పశువుల క్షయ బయటపడింది. వెతికితే ఇంకా కనబడ్డాయి. ఆ ప్రాంతంలో వేట క్లబ్బుల వాళ్లు ఎన్నో ఏళ్లుగా శీతాకాలంలో లారీల కొద్దీ మేత తెచ్చి పోసేవాళ్లు. జింకలు ఎక్కువ ఉంటే వేట బాగుంటుందని. ఆ రోగం మొదట పశువుల నుంచే జింకలకు అంటింది. జింకలు ఒకే కుప్ప మీద మూతులు పెట్టడంతో వాటిలో నిలిచిపోయింది. అక్కడి నుంచి మళ్లీ రైతుల కొట్టాల్లోకి వచ్చింది. 2000లో మిషిగన్ పశువుల క్షయ లేని రాష్ట్రం అన్న హోదా పోగొట్టుకుంది. నష్టపోయింది ఎవరు? మేత పోసిన క్లబ్బులవాళ్లు కాదు. పాడి పెట్టుకుని బతికే రైతులు. మంద మొత్తాన్ని పరీక్షలకు నిలబెట్టడం, రోగముంటే చంపించుకోవడం వాళ్ల నెత్తిన పడింది.

రెండో రోగం ఇంకా గట్టిది. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అంటారు. మన మాటలో చెప్పాలంటే జింకను ఎండగట్టి చంపే మెదడు జబ్బు. 1967లో కొలరాడోలో ఒక పరిశోధన కేంద్రంలోని జింకల్లో మొదట గమనించారు. ఇవాళ 30కి పైగా అమెరికా రాష్ట్రాల్లో ఉంది. 2016లో నార్వేలో అడవి రెయిన్‌డీర్‌లో కూడా కనబడింది. ఇది పురుగు వల్ల, వైరస్ వల్ల వచ్చేది కాదు. శరీరంలో ఉండే ఒక ప్రోటీనే వంకర తిరిగి, పక్క ప్రోటీన్లను కూడా వంకర తిప్పుతుంది. దాన్ని ప్రయాన్ అంటారు. మెదడులో సన్నటి తూట్లు పడతాయి. జింక చిక్కిపోతుంది, తల వేలాడేస్తుంది, చొంగ కారుస్తుంది, మనిషిని చూసినా బెదరదు. మందు లేదు, టీకా లేదు, సోకిందంటే చావే. ఆ ప్రయాన్ చొంగలో, మూత్రంలో, పెంటలో బయటికి వచ్చి మట్టిలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఇవాళ కుప్ప తీసేసినా ఆ నేల మిగిలే ఉంటుంది. మనుషులకు సోకినట్టు ఇప్పటిదాకా తేలలేదు. అయినా రోగమున్న జింక మాంసం తినొద్దని అక్కడి ఆరోగ్య శాఖలు చెబుతున్నాయి.

విస్కాన్సిన్‌లో 2002 ఫిబ్రవరిలో మూడు జింకల్లో ఇది బయటపడినప్పుడు రాష్ట్రం ఉలిక్కిపడింది. ఎర నిషేధం మీద తగువు అక్కడ అప్పుడే రాజుకుంది. ఎర కావాలనే వాళ్లు ఒక ప్రశ్న వేస్తారు: జింకలు మామూలుగా కూడా ఒకదాన్నొకటి నాకుతాయి, ఒకే చోట మేస్తాయి, ఎర ఆపినంత మాత్రాన రోగం ఆగిందా? నిజమే, చాలాచోట్ల నిషేధం పెట్టినా రోగం ఆగలేదు. నా మటుకు నాకు ఈ వాదన సగమే తోస్తుంది. వరద ఆగడం లేదని గండి ఇంకా పెద్దది చేయం కదా.

రోగం మాట పక్కన పెట్టినా మేత వల్లే చావు ఉంది. జింక నెమరు వేసే జంతువు. దాని మొదటి పొట్టలో కోట్ల సూక్ష్మజీవులు పనిచేస్తాయి. చలికాలంలో అది తినేది రెమ్మలు, బెరడు, ఎండు మొగ్గలు. సూక్ష్మజీవులు కూడా ఆ తిండికే అలవాటు పడి ఉంటాయి. ఆ సమయంలో ఉన్నట్టుండి కడుపునిండా మొక్కజొన్న పడితే పొట్టలో పులుపు పెరిగి, ఒళ్లంతా విషమై రెండు మూడు రోజుల్లో చచ్చిపోతుంది. మన దగ్గర మేక గింజల బస్తాలో మూతి పెట్టి, కడుపు ఉబ్బి చచ్చిపోవడం చూసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. నిండిన కడుపుతో ఆకలి చావు అన్నమాట. జాలిపడి పోసినవాళ్లు పొద్దున లేచి చూసేసరికి పెరట్లో పడి ఉంటుంది.

ఇక కుప్ప దగ్గరికి జింకలే రావు. ఎలుగుబంట్లు, ర్యాకూన్లు, అడవి పందులు, టర్కీ కోళ్లు కూడా వస్తాయి. తడిసిన మొక్కజొన్నకు బూజు పడితే అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. పక్షులకు అది ప్రమాదం. కుప్ప చుట్టూ ఉన్న లేత చెట్లను జింకలు మొదలంటా కొరికేస్తాయి. ఇంకో వింత ఉంది. ఎర మరిగిన జింక పగలు రావడం మానేసి చీకటి పడ్డాక వస్తుంది. సౌత్ కరోలినా వన్యప్రాణి శాఖ శాస్త్రజ్ఞులు లెక్కలు పోల్చి చూస్తే, ఎర వేసే ప్రాంతాల కన్నా వేయని ప్రాంతాల్లోనే వేట ఎక్కువ పడింది. అంటే ఎర వేసినవాడికి కూడా అనుకున్నంత లాభం లేదు. లాభం బస్తాలు అమ్మేవాడిది.

వేటగాళ్లలోనే ఇంకొక పక్షం ఉంది. రోగం సంగతి తర్వాత, ముందు ఇది న్యాయమైన వేటే కాదు అంటారు వాళ్లు. 1887లో థియోడర్ రూజ్‌వెల్ట్ మొదలుపెట్టిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ కాలం నుంచి వాళ్లకొక కట్టుబాటు ఉంది. జంతువుకు తప్పించుకునే అవకాశం ఉండాలి. ఉంటేనే అది వేట. చంపేవాడు న్యాయం గురించి మాట్లాడటమేంటని మనకు నవ్వు రావచ్చు. కానీ ఈ మాటలో ఒక సత్యం ఉంది. నమ్మించి చంపడానికీ, మామూలుగా చంపడానికీ తేడా ఉందని వాళ్లు కూడా ఒప్పుకుంటున్నారు. ఆ నమ్మించడం గురించే మన సుత్తం.

నాలుగు మందలు

సావత్థిలో, జేతవనంలో అనాథపిండికుని ఆరామంలో ఉన్నప్పుడు తథాగతుడు భిక్షువులకు ఇది చెప్పాడు. నివాపం అంటే జంతువుల కోసం వేసిన మేత, ఎర. చిత్రమేమిటంటే మన తెలుగు నిఘంటువుల్లో నివాపం అంటే చనిపోయినవాళ్లకు వదిలే తర్పణం. నివాపాంజలి అన్న మాట వినే ఉంటారు. మనం 22 ప్రతిజ్ఞల్లో శ్రాద్ధం పెట్టం, పిండం పెట్టం అని చెప్పుకున్నవాళ్లం గనుక ఆ అర్థం వదిలేసి పాళీ అర్థమే పట్టుకుందాం.

తథాగతుడు మొదలుపెట్టడమే వేటగాడి మనసుతో మొదలుపెడతాడు. వేటగాడు మేత వేసేది జింకలు చక్కగా, నిండుగా, పదికాలాలు బతకాలని కాదు. అవి మేతలో పడి ఒళ్లు మరవాలి, ఏమరుపాటులో తన చేతికి చిక్కాలి. అదీ లెక్క.

మొదటి మంద తోసుకుంటూ వచ్చి తిన్నది, మత్తెక్కింది, చిక్కింది. రెండో మంద అది చూసి భయపడి, మేతే వద్దని అడవి లోపలికి పోయింది. కానీ ఎండాకాలం ఆఖరి నెలలో గడ్డి అయిపోయింది, నీళ్లు ఇంకిపోయాయి. చిక్కి శల్యమై, సత్తువ లేక మళ్లీ ఆ మేత దగ్గరికే వచ్చి చిక్కింది. మే నెలలో నల్లమల చూసినవాళ్లకు ఈ మాట ఎంత నిజమో తెలుసు. మూడో మంద తెలివిగా ఆలోచించింది. మేత పక్కనే స్థావరం చేసుకుని, ఒళ్లు మరవకుండా జాగ్రత్తగా తిని వెనక్కి పోయేది. వేటగాళ్లు ఆశ్చర్యపడ్డారు. చివరికి మేత చుట్టూ కంచెలా వలలు కట్టి, వాటి స్థావరం ఎక్కడుందో కనిపెట్టి పట్టుకున్నారు. నాలుగో మంద వేటగాడు రాలేని చోట స్థావరం పెట్టుకుంది. తిన్నది, కానీ మత్తులో పడలేదు. వలలు కట్టినా వాటి చోటు దొరకలేదు. వీటిని కదిలిస్తే మిగతా మందలు కూడా బెదిరి మేత దగ్గరికి రావడం మానేస్తాయి, వదిలేద్దాం అనుకున్నారు వేటగాళ్లు.

మేత అంటే ఐదు ఇంద్రియాల సుఖాలు, వేటగాడు మారుడు, మందలు నాలుగు రకాల సాధకులు అని తథాగతుడే విప్పి చెప్పాడు. మొదటివాళ్లు సుఖాల్లో పడిపోయారు. రెండోవాళ్లు ఒళ్లు ఎండగట్టుకుని తట్టుకోలేక తిరిగి వచ్చారు. మూడోవాళ్లు జాగ్రత్తపరులే. కానీ లోకం శాశ్వతమా కాదా, అంతముందా లేదా అన్న వాదాల వలలో ఇరుక్కున్నారు. నాలుగోవాళ్లు ధ్యానంలో నిలిచినవాళ్లు, మారుడి కంటికి ఆనరు. మా అధ్యయన బృందాల్లో ఎక్కువ చర్చ నడిచేది మూడో మంద మీదే. మేం తాగం, పేకాడం, మత్తులో లేం అనుకుంటూ వేటగాడి చేని గట్టునే కాపురం పెట్టినవాళ్లు మనలో ఎంతమంది ఉన్నారో ఎవరికి వాళ్లు చూసుకోవాలి. ఎన్నికల ముందు రోజు రాత్రి ఊళ్లోకి వచ్చే సీసాలు, కవర్ల గురించి నేను విడిగా చెప్పక్కర్లేదు.

చూశారా, 2500 ఏళ్ల కింద చెప్పిన ఉపమానంలో అడవి లెక్క ఎంత కచ్చితంగా ఉందో. తిండి కరువైన నెలలోనే ఎర పనిచేస్తుంది. అక్కడ చలికాలం, ఇక్కడ ఎండాకాలం. అలవాటు పడిన దారిని పట్టుకునే వేటగాడు స్థావరం కనిపెడతాడు. ఇదేదో కవిత్వం కోసం చెప్పింది కాదు. వేటగాళ్లు ఏం చేస్తారో దగ్గర నుంచి చూసినవాడి మాట.

చంపాలన్న కోరిక, చంపాల్సిన అవసరం

ఇక్కడ ఒక మాట స్పష్టం చేసుకోవాలి. ఇది మాంసం తినడం మీద పాఠం కాదు. మన పళ్లెంలో ఏముందో చూసి మనల్ని ఊరి బయట పెట్టినవాళ్ల అహింస మనకు అక్కర్లేదు. బాబాసాహెబ్ ‘బుద్ధుడు–ఆయన ధమ్మం’ గ్రంథంలో అహింసను సూత్రంగా చూడమన్నారు, గుడ్డి నియమంగా కాదు. చంపాలన్న కోరిక వేరు, చంపాల్సిన అవసరం వేరు అని విడదీసి చూపించారు. జింకలు మితిమీరి పెరిగి అడవే చచ్చిపోతున్న చోట, లేదా తిండి కోసం కొట్టే చోట అవసరం అనే మాట ఉండొచ్చు. దాని మీద చర్చించుకోవచ్చు. కానీ ఎర సంగతి వేరు. ఏడాది పొడుగునా మేపి, ఆ చెయ్యిని నమ్మేలా చేసి, సీజను వచ్చిన రోజున కొట్టడంలో అవసరం ఎంత, కోరిక ఎంత?

రెండో పక్క, జాలితో పోసేవాళ్లను కూడా వదలకుండా అడగాలి. 13వ ప్రతిజ్ఞలో సకల ప్రాణుల మీద కరుణ చూపి కాపాడతానని అన్నాం. కాపాడటం అంటే అది మన కిటికీ దగ్గరికి రావడమా? బాబాసాహెబ్ ప్రజ్ఞను, కరుణను కలిపే చెప్పారు. ప్రజ్ఞ లేని కరుణ జింక పొట్టలో మొక్కజొన్నలా పులుస్తుంది. జపాన్‌లో నారా పట్టణంలో జింకలకు యాత్రికులు బిస్కెట్లు పెడతారు. 2019లో అక్కడ చనిపోయిన కొన్ని జింకల కడుపులు కోస్తే కిలోల కొద్దీ ప్లాస్టిక్ సంచులు బయటపడ్డాయి. చంపాలని ఎవరూ అనుకోలేదు.

పిల్లలకు ఫోన్ చేసినప్పుడు ఈ మాట చెప్పండి. చాలా రాష్ట్రాల్లో, ఊళ్లలో జింకలకు మేత పెట్టడం మీద నిబంధనలున్నాయి, జరిమానాలున్నాయి. ముందు అవి చూసుకోమనండి. అంతగా ఇష్టమైతే ఆ నేలలో పుట్టిన చెట్లు నాటమనండి, అది తినేది ఏదో దానికే తెలుసు.

మన అడవుల్లో

కృష్ణ జింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, చుక్కల జింక తెలంగాణ రాష్ట్ర జంతువు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ‘వేట’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే ఉచ్చు పెట్టడం, తోలడంతో పాటు ఎర వేయడం కూడా ఉంది. జింక చావకపోయినా, ఎర వేయడమే నేరం. ఈ సంగతి చాలామందికి తెలియదు. కేసు పడ్డాక తెలుస్తుంది. పట్నం నుంచి కారులో వచ్చి డబ్బులిచ్చి జింక మాంసం కావాలనేవాడు ఒకడు, ఉచ్చు పెట్టి జైలుకు పోయేవాడు మన కూలివాడో, అడవిలో ఉండే చెంచువాడో. పూర్వం రాజుల, జమీందార్ల వేటల్లో కూడా అంతే కదా. డప్పులు, డబ్బాలు వాయిస్తూ మృగాన్ని తుపాకీ ముందుకు తోలింది ఊరి కూలి జనం, ఫోటో దిగింది దొర. ఈ లెక్క మనవాళ్లకు విడమరచి చెప్పండి, ముఖ్యంగా కుర్రాళ్లకు.

కర్నూలు జిల్లా ఎర్రగుడి శాసనాలు చూడటానికి పోయినప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. అశోకుడు తన వంటశాలలో ఒకప్పుడు లక్షల ప్రాణులు చచ్చేవని, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక జింక మాత్రమేనని, అది కూడా రోజూ కాదని, ఇక ముందు అవి కూడా ఉండవని ఆ బండ మీద చెక్కించాడు. అన్నీ మానేశానని గొప్పలు పోకుండా, ఇంకా ఎన్ని చంపుతున్నాడో లెక్క చెప్పిన రాజు అతను. నాకు ఆ శాసనంలో నచ్చేది అదే.

మన దగ్గర ఎరకు ఇంకా ఘోరమైన రూపం ఉంది. అడవి పందుల కోసం తిండిలో నాటు బాంబు చుట్టి పెడతారు. దాన్ని పంది కొరుకుతుందో, కుక్క కొరుకుతుందో, మేతకు పోయిన ఆవు కొరుకుతుందో ఎవరికి తెలుసు? 2020లో కేరళలో కడుపుతో ఉన్న ఏనుగు అలాంటిదే కొరికి, నోరు పగిలి, నీళ్లలో నిలబడి చనిపోయింది. నీటి కుంటల దారుల్లో కరెంటు తీగలు లాగి పెట్టడం ఇంకొకటి. జింక కోసం పెట్టిన తీగకు రాత్రి మోటారు వేయడానికి పోయిన రైతు బలవుతున్నాడు.

ఎండాకాలంలో జింకల మీద జాలి కలిగితే ఘాట్ రోడ్డు మీద కారాపి అరటిపళ్లు, బిస్కెట్లు విసరొద్దు. వాటికి రోడ్డు అలవాటైతే చావు కూడా రోడ్డు మీదే. అటవీ శాఖ అడవి లోపల సాసర్ పిట్లు కట్టించి ట్యాంకర్లతో నీళ్లు పోయిస్తుంది. మీ ఊరి దగ్గర ఏదైనా ఎండిపోయి కనబడితే బీట్ ఆఫీసర్‌కు చెప్పండి, రెండోసారి కూడా చెప్పండి. ఆ కుంట చుట్టూ సన్నటి తీగ గానీ, పుల్లలు పాతి కట్టిన ఉచ్చు గానీ కనబడితే చేత్తో ముట్టుకోవద్దు, పిల్లల్ని దగ్గరికి పోనివ్వొద్దు. లైన్‌మన్‌కు, బీట్ ఆఫీసర్‌కు ఇద్దరికీ ఆ పూటే కబురు చేయండి. వేటగాడు వచ్చేది చీకటి పడ్డాకే.